బాస్కెట్‌బాల్‌లో ఇద్దరు పాయింట్ గార్డులను (బంతిని తీసుకొచ్చి ఆటను నడిపేవాళ్లను) కలిపి ఆడిస్తే పనవుతుందా?

అవుతుంది, కానీ బంతి చేతిలో లేనప్పుడు కూడా ఇద్దరూ పనికొచ్చేవాళ్లై ఉండాలి. ఒకడు డ్రిబుల్ చేస్తుంటే రెండోవాడు నడుం మీద చేతులేసుకుని నిలబడితే, వాడిని కాసే డిఫెండర్ హాయిగా లోపలికొచ్చి దారి మూసేస్తాడు. అదే వాడు మూలన నిలబడి త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేయగలిగితే ఆ డిఫెండర్ కదలడానికి భయపడతాడు, అసలు కిటుకంతా ఇదే.

అమెరికా లీగ్ NBAలో ఫీనిక్స్ సన్స్ టీమ్‌నే చూడండి. 2013-14లో డ్రాగిచ్, బ్లెడ్సో జోడీతో, ఎవరికీ పెద్దగా అంచనాల్లేని టీమ్ 48 మ్యాచ్‌లు గెలిచింది (అయినా ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం ఆడే చివరి దశ, దక్కలేదు, పాపం!). బాగుంది కదా అని మరుసటి ఏడాది మరో పాయింట్ గార్డు ఐజయా థామస్‌ని కూడా తెచ్చుకున్నారు, ఒకే బంతికి ముగ్గురు, ఇంకేముంది, 2015 ఫిబ్రవరిలో డ్రాగిచ్‌నీ థామస్‌నీ ఒకేరోజు పంపించేశారు.

డిఫెన్స్ సంగతి వేరే. ఇద్దరూ పొట్టిగా ఉంటే ఎదుటి టీమ్ పొడుగు గార్డుతో పదేపదే పోస్ట్‌లో (బుట్ట దగ్గర) ఆడిస్తుంది. అయినా 2019లో టొరంటో టీమ్ తన పాయింట్ గార్డులు లౌరీ, వాన్‌వ్లీట్‌లను కలిపి దింపి టైటిల్ కొట్టింది, ఇద్దరూ ఆరడుగుల దగ్గరి వాళ్లే. ఫైనల్స్ చివరి మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో వాన్‌వ్లీట్ ఒక్కడే 12 పాయింట్లు వేశాడు. వెనక లెనర్డ్, గసోల్ లాంటి డిఫెండర్లు ఉన్నారనుకోండి, అది అందరికీ దొరికే సౌకర్యం కాదు.