వేలంలో చౌకగా వస్తోందని విమానాల టగ్ కొనొచ్చా?

ప్రశ్న: పాత లారీలు, పడవలు బాగుచేయడం నా సరదా. వాటిని షెడ్డులోకి, బయటికి లాగడానికి విమానాలను లాగే 20 టన్నుల పాత డీజిల్ ట్రాక్టర్ (టగ్) ఒకటి వేలంలో కనిపించింది. నా పొదుపులో మూడో వంతు పోతుంది. కొనమంటారా?

జవాబు: మీ ఉత్తరం చదివితే మనసులో ఎప్పుడో కొనేశారనిపించింది. అయినా చెప్తాను: ఇది వద్దు.

ఆ బండికి బరువే బలం. పొడి కాంక్రీటు మీద తన బరువులో 70 శాతం దాకా లాగగలదు, అంటే సుమారు 14 టన్నుల లాగుడు. 10 టన్నుల లారీని చదును గచ్చు మీద కదపడానికి రెండు మూడు వందల కిలోల లాగుడు చాలు. 5 శాతం వాలు ఉంటే ఇంకో 500 కిలోలు కలపండి. ఈ పని ఓ మామూలు పొలం ట్రాక్టరో, తాడు చుట్టి లాగే మంచి వించో చేసేస్తుంది. మిగతా బలానికంతా మీరు ఊరికే డబ్బు కడుతున్నట్టే.

వేలం ధర మొదటి ఖర్చు మాత్రమే. ఇది విమానాశ్రయం లోపల మెల్లగా తిరగడానికి చేసిన బండి. రోడ్డు మీద నడిపి తెచ్చుకోలేరు, బరువైన యంత్రాలు మోసే లోబెడ్ ట్రైలర్ మీదే రావాలి. పాట పాడకముందే ఆ రవాణా కొటేషన్ చేతిలో ఉండాలి. ఇంజిన్ విడిభాగాలు దొరకొచ్చు గానీ గేర్‌బాక్సు, యాక్సిల్ పోతే చుక్కలు కనిపిస్తాయి. కిలోమీటర్లు కాదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటరు చూడండి. అందులోనూ ఊరికే ఆన్‌లో ఉంచిన గంటలే ఎక్కువుండొచ్చు.

అప్పు మాట అసలు తలపెట్టకండి. రిజిస్ట్రేషన్ లేని బండిని తాకట్టుగా తీసుకునే బ్యాంకు దొరకడం కష్టం. చివరికి ఎక్కువ వడ్డీ పర్సనల్ లోనే గతి.

అమ్మేటప్పుడు కొనేవాళ్లు తక్కువ. అందుకే నేనైతే ఒకటే లెక్క వేస్తాను: తుక్కు కింద అమ్మితే ఎంతొస్తుంది? అందులోంచి రవాణా తీసేయండి. వేలం ధరకీ దానికీ ఉన్న తేడాయే మీరు పోగొట్టుకోగల డబ్బు. అది పొదుపులోంచి కాకుండా సరదా ఖర్చులోంచి వస్తే నాకు అభ్యంతరం లేదు. ఏడాదికి వాడే గంటలతో ఏడాదికయ్యే ఖర్చు భాగించి, అద్దె బండి గంట రేటుతో పోల్చి చూడండి. మీరే నవ్వుకుంటారు.

ఇంకొక్కటి. 20 టన్నులంటే ఒక్కో చక్రం మీద 5 టన్నులు. ముందు షెడ్డు గచ్చు మందం ఎంతో ఇంజనీరుతో కొలిపించండి, ఆ అంకె వచ్చాక మళ్లీ రాయండి.