పాపకి వాంతులు, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు: సమాధానం

9 నెలల పాపకి నిన్నటి నుంచి వాంతులు, పొట్ట ఉబ్బరం, ఎక్స్‌రేలో ఏమీ లేదు, పేగులో పేగు చొచ్చుకుపోవడం కూడా కాదన్నారు, ఇంకేం కావచ్చు అని అడిగారు. వాంతి ఆకుపచ్చగా ఉంటే మాత్రం ఇక్కడ చదవడం ఆపేసి వెంటనే పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పేగు మెలిపడితే రక్తం అందక కొన్ని గంటల్లోనే పాడవుతుంది.

ఎక్స్‌రే బాగుందంటే పాప ఏమీ మింగలేదని కాదండీ. ఇంట్లో పెద్ద పిల్లలు వాటర్ బీడ్స్‌తో (నీళ్లలో వేస్తే ఉబ్బే చిన్న రంగు పూసలు) ఆడుకుంటారా? మింగేటప్పుడు చిన్న గింజంతే, లోపల నీరు పీల్చి ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి. మామూలు ఎక్స్‌రేలో దొరకవు. అల్ట్రాసౌండ్‌లో గుండ్రంగా కనిపిస్తాయి కానీ నీటితిత్తి (సిస్ట్) అని పొరబడే వీలుంది. అందుకే అనుమానం ఉంటే ఆ మాట మీరే డాక్టరుకి చెప్పాలి. మమ్మల్నెవరూ అడగలేదని ఊరుకోవద్దు.

ఇంకోటి మెకెల్స్ డైవర్టికులమ్. గర్భంలో ఉన్నప్పుడు పేగుని బొడ్డు వైపు కలిపే నాళం పూర్తిగా కరిగిపోకుండా పేగుకి మిగిలిన సంచి ఇది. దాని నుంచి బొడ్డు దాకా పీచులాంటి తాడు మిగిలితే పేగు దాని చుట్టూ మెలిపడవచ్చు. పాపకి ఇదివరకు పొట్ట ఆపరేషన్ జరిగిందా, పుట్టాక మొదటి విరేచనం 48 గంటలు దాటాక అయిందా అన్నవి కూడా గుర్తు చేసుకుని డాక్టరుకి చెప్పండి, పేగు అడ్డంకికి కారణం వాటిలోనూ దొరకవచ్చు.

డాక్టరు చూసేదాకా నోటి ద్వారా ఏమీ పట్టకండి, విరేచనాల మందు అసలే వద్దు.