పాప పేరు మీద ప్లాటు సరే, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నయీంనగర్‌లో అద్దెకు ఉంటున్నాం, అద్దె 9,000. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను, జీతం 45,000. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేసేది, కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో మానేసింది. మాకు ఐదు నెలల పాప. తొట్టెల ఫంక్షన్‌కు 1.8 లక్షలు అయింది, ఉన్న సేవింగ్స్ అన్నీ దానికే పోయాయి. రెండో నెలలో పాపకు నిమ్ము చేస్తే ప్రైవేటు ఆసుపత్రిలో 52,000 బిల్లు అయింది. కాలేజీ గ్రూప్ పాలసీ 3 లక్షలకు ఉంది కానీ పాప పేరు ఎక్కించలేదని క్లెయిమ్ రాలేదు. అప్పుడే జీతాలు కూడా ఆగిపోయాయి. ఇంటి ఖర్చు మా మామగారు సర్దారు. ఆసుపత్రి బిల్లుకు తోటి లెక్చరర్ దగ్గర 25,000 తీసుకున్నా, మిగతాది లోన్ యాప్‌లో తీసుకున్నా. యాప్ వాళ్లు 30,000 అని చెప్పి 27,000 వేశారు. నెలకు 6,000 చొప్పున ఆరు కిస్తీలు, ఇంకా మూడు ఉన్నాయి. ఇప్పుడు రెండు నెలల జీతం బకాయి 90,000 ఒకేసారి పడింది. స్టేషన్ ఘన్‌పూర్ వైపు 150 గజాల ప్లాటు 18 లక్షలకు వస్తోంది. ఈ డబ్బు బయానాకు, రిజిస్ట్రేషన్‌కు వాడి పాప పేరు మీద తీసుకుందామని ఉంది. నెలకు 10,000 కట్టే 5 లక్షల చిట్టీ ఇప్పుడు ఎత్తితే 4 లక్షలు వస్తాయి. పర్సనల్ లోన్ 7 లక్షలు, మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు, ఊర్లో రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు దొరుకుతాయి. ఇంటి ఖర్చు 18,000 దాకా అవుతోంది. ప్లాటు మంచిదా, బీమా ఏజెంట్ చెప్తున్న, ఏడాదికి 50,000 కట్టే చైల్డ్ ప్లాన్ మంచిదా? తొమ్మిదో నెలలో వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించాలి, దానికి లక్ష పక్కన పెడదామనుకుంటున్నాం.

జవాబు: రెండూ వద్దు. ప్లాటుకు బయానా ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఈ మాట సమయానికే చెప్తున్నానని అనుకుంటున్నాను.

ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పాపకు 18 ఏళ్లు వచ్చేసరికి ఎంత కావాలి, పెళ్లికి ఎంత కావాలి, ఏ ప్లాన్ తీసుకోవాలి అంటారు. వచ్చే 18 నెలలు ఎలా గడుస్తాయని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఇంట్లో ఒక జీతం ఆగిపోయి, ఖర్చు పెరిగి, పసిబిడ్డకు ఎప్పుడు జ్వరం వస్తుందో తెలియని కాలం అదే. మీకు ఆ కాలం రెండో నెలలోనే తన సంగతి చూపించింది. అయినా మీరు దాన్ని దాటేసి ప్లాటు దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ నెలలో జరిగింది మళ్లీ చూడండి. జీతం ఆగింది. పాలసీలో పాప పేరు లేదు. చేతిలో డబ్బు లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా మీరు యాప్ తెరిచేవాళ్లు కాదు. పాప మంచం పక్కన నిలబడ్డ తండ్రి వడ్డీ ఎంతని లెక్క కట్టలేడు, ఫోన్‌లో ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కుతాడు. అందుకే ఆ లెక్క ఇప్పుడు నేను చెప్తాను. చేతికి వచ్చింది 27,000. ఆరు నెలల్లో కట్టేది 36,000. అసలు నెలనెలా తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఇది నెలకు దాదాపు 9 శాతం పడుతుంది. మన ఊరి లెక్కలో నూటికి తొమ్మిది రూపాయల వడ్డీ, ఏడాదికి వంద శాతం దాటిపోయింది. ఊర్లో ఎవరైనా అయిదు రూపాయల వడ్డీ అంటే మీరు ఆ గడప తొక్కరు. తొమ్మిది రూపాయలకు మాత్రం రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. అన్ని ఖర్చులు కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అప్పు ఇచ్చే ముందే ఒక పత్రంలో చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ పత్రం మీకు ఇచ్చారా? ఇచ్చినా ఆ సమయంలో చదివే స్థితిలో మీరు ఉండరు. ఇంకోసారి ఆ స్థితికి రాకుండా చూసుకోవడమే మీరు చేయాల్సిన మొదటి పని.

దానికి కావాల్సింది అత్యవసర నిధి. మీ ఖర్చు నెలకు అద్దె 9,000, ఇల్లు 18,000, చిట్టీ 10,000 కలిపి 37,000. ఆరు నెలలకు 2,22,000. ప్రభుత్వ ఉద్యోగికైతే మూడు నెలలది చాలంటాను. మీకు ఆరు నెలలకు ఒక్క రూపాయి కూడా తగ్గించను. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని ప్రైవేటు కాలేజీలు జీతాలు ఆపిన నెలలు వరంగల్, హనుమకొండలో మీ తోటివాళ్లందరికీ తెలుసు. జీతం ఆగడం మీకు అనుకోని ఉపద్రవం కాదు, ఏడాదిలో ఒకసారైనా ఎదురయ్యేదే. అలాంటప్పుడు పాల డబ్బాకు, డైపర్లకు, డాక్టర్ ఫీజుకు మామగారి మీద ఆధారపడాల్సిన అవసరం ఉండకూడదు. ఆయన ఈసారి సర్దారు. ప్రతిసారీ ఆయన దగ్గర ఉండాలని లేదు కదా.

ఈ మాట చెప్తే మన దగ్గర వెంటనే ఒక సమాధానం వస్తుంది: “చిట్టీ ఉంది కదా సార్, అవసరమైతే ఎత్తుకుంటా.” ఈ ఒక్క నమ్మకం మన జిల్లాలో ఎన్ని కుటుంబాలను అప్పుల్లోకి నెట్టిందో చూస్తున్నాను కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. చిట్టీ పాట మీ పాపకు జ్వరం వచ్చిన రోజు జరగదు, నెలలో వాళ్లు పెట్టిన తేదీన జరుగుతుంది. ఆ రోజు మీకంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు ఉంటే వాళ్లే పాడుకుంటారు. మీరు పాడుకున్నా జమానతుదారులను తేవాలి, వాళ్ల జీతం కాగితాలు ఇవ్వాలి, సంతకాలు కావాలి. అన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది. పాడుకున్న డబ్బు నెలల తరబడి అందక కంపెనీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఇదే ఊర్లో ఉన్నారు. మీరే ఆలోచించండి, నిమ్ము చేసినప్పుడు చిట్టీ ఉంది, అయినా యాప్‌కే వెళ్లాల్సి వచ్చింది. చిట్టీ పొదుపు అవుతుంది, అత్యవసర నిధి అవ్వదు. రిజిస్టర్డ్ చిట్టీ అయితే మానేయమని అనను, కట్టుకుంటూ పోండి. కానీ లక్ష వదులుకుని ఇప్పుడే ఎత్తకండి. చివరి నెలల్లో తక్కువ తగ్గింపుతో తీసుకోండి.

ఇప్పుడు మీ ప్లాటు పథకం. పర్సనల్ లోన్ 7 లక్షలు, 13 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 15,900. రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలంటే వడ్డీయే 6,000, అసలు అలాగే ఉంటుంది. బంగారం మీద 4 లక్షలకు 10 శాతం లెక్కన వడ్డీ 3,300. ఎత్తిన చిట్టీకి 10,000 కట్టడం మానలేరు. మొత్తం 35,200. మీ జీతంలో అది తీసేస్తే 9,800 మిగులుతాయి. అద్దె కడితే 800. ఆ 800 రూపాయలతో మీరు, మీ ఆవిడ, పాప నెల ఎలా గడుపుతారు? ఏజెంట్ ప్లాన్ ప్రీమియం దీంట్లో ఇంకా కలపలేదు. జీతం ఒక్క నెల ఆగితే నాలుగు చోట్ల నుంచి ఫోన్లు వస్తాయి. దీన్ని పాప భవిష్యత్తు కోసం అని మీరు రాశారు. నాకు ఇది పాప నెత్తిన అప్పు పెట్టడంలా కనిపిస్తోంది.

పైగా పాప పేరు మీద అంటున్నారు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 ప్రకారం మైనర్ పేరు మీద ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అయినా అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. రేపు పాపకే పెద్ద వైద్యం అవసరమైతే ఆ ప్లాటు అమ్మడానికి కూడా మీరు ముందు కోర్టుకు వెళ్లాలి. ఎప్పటికైనా కొనాలనుకుంటే మీ ఇద్దరి పేరు మీద, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్న లేఅవుట్‌లో, వడ్డీ వ్యాపారి లేకుండా కొనండి. ఇక రెండు రూపాయల వడ్డీ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి. ఏడాదికి 24 శాతం పెరుగుతుందని ఏ ప్లాటు గురించీ ఎవరూ రాసివ్వలేరు. వడ్డీ మాత్రం నెల తిరగగానే వచ్చి నిలబడుతుంది.

ఆ 90,000 ఏం చేయాలో చెప్తాను. యాప్‌కు మిగిలిన 18,000 ఈ వారమే కట్టేయండి. ముందుగా మూసేస్తే తగ్గుతుందేమో అడగండి, అప్పు తీరినట్టు కాగితం తీసుకోండి. తర్వాత యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. తోటి లెక్చరర్‌కు 25,000 ఇచ్చేయండి. మిగిలిన 47,000 జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ కలపకండి. జీతంలో 37,000 పోగా మిగిలే 8,000 ప్రతి నెలా జీతం పడిన రోజే అక్కడికి వెళ్లాలి. ఇలా చేస్తే 2,22,000 చేరడానికి 22 నెలలు పడుతుంది. ఎక్కువ కాలం అనిపిస్తుంది, నిజమే. కానీ మొదటి నెల 8,000 పడగానే మీ పరిస్థితి వేరుగా ఉంటుంది, ఎందుకంటే 52,000 బిల్లు మళ్లీ వచ్చినా యాప్ అవసరం ఉండదు. మీ ఆవిడ మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలా, ఎప్పుడు వెళ్లాలి అనేది పాపను చూసుకునేవాళ్లు ఎవరున్నారో చూసి మీ ఇద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. నిధి త్వరగా నిండాలని ఆమెను తొందరపెట్టకండి. ఆమె బంగారాన్ని కూడా ఈ లెక్కలోకి లాగకండి. అన్ని దారులూ మూసుకుపోయిన రోజున బ్యాంకులో పెట్టడానికి అది ఇంట్లోనే ఉండాలి.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటి చాలామంది వదిలేస్తున్నారు. పాప టీకాలు ప్రైవేటులో వేయిస్తున్నారా? విరేచనాలు రాకుండా వేసే రోటా, నిమ్ము రాకుండా వేసే న్యుమోకాకల్ టీకాలు ప్రైవేటులో వేలల్లో పడతాయి. అవి సర్కారు టీకాల పట్టికలోనే ఉన్నాయి, పీహెచ్‌సీలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. ఇందులో తక్కువతనం ఏమీ లేదు. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకు పట్టణ ఆరోగ్య కేంద్రానికే తీసుకెళ్లండి. మిగిలిన ఆ డబ్బు కూడా నిధిలో వేయండి.

బీమా సంగతి. సోమవారం కాలేజీకి వెళ్లగానే పాప పేరు ఎక్కించమని జనన ధ్రువపత్రం జత చేసి రాసివ్వండి, తీసుకున్నట్టు సంతకం అడగండి. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి పుట్టిన రోజు నుంచే పిల్లలకు కవర్ ఉంటుంది, కానీ గడువులోపు చెప్పాలి. గడువు దాటిందంటే రెన్యూవల్ తేదీ కనుక్కుని ఆ రోజు మర్చిపోకండి. ఉద్యోగం మారితే ఆ పాలసీ ఉండదు కాబట్టి ముగ్గురికీ కలిపి వర్తించే 10 లక్షల ఆరోగ్య పాలసీ (ఫ్లోటర్) సొంతంగా తీసుకోండి. చాలా కంపెనీలు 90 రోజులు నిండిన పిల్లలను చేర్చుకుంటాయి, మీ పాపకు ఆ వయసు దాటింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. పాపకు నిమ్ము చేసిన సంగతి ఫారంలో దాచకుండా రాయండి. దాచిన విషయం క్లెయిమ్ రోజునే బయటపడుతుంది. ఈ ప్రీమియం వల్ల 22 నెలలు 24 అయినా పర్వాలేదు.

మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా, తీసుకోండి, నామినీగా పాపను కాదు, మీ ఆవిడను పెట్టండి. వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కు ఉండదు, ఏజెంట్‌ను అడగండి. ఆయన చెప్తున్న చైల్డ్ ప్లాన్ మాత్రం అక్కర్లేదు. పాప కోసం ఏదో ఒకటి మొదలుపెట్టామన్న తృప్తి కావాలంటే పోస్టాఫీసులో 250 రూపాయలతో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి ఉంచండి. పదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా తెరవొచ్చు, ఆ తొందర కూడా లేదు. మ్యూచువల్ ఫండ్లు, పిల్లల పేరిట కట్టే పింఛను పథకం ఎన్‌పీఎస్ వాత్సల్య లాంటివి నిధి నిండాక మాట్లాడుకుందాం.

వేములవాడకు లక్ష ఎక్కడి నుంచి తెస్తారో మీరు రాయలేదు. నిధిలోంచి మాత్రం తీయకండి. మీరిద్దరూ, రెండు వైపుల పెద్దలు, మేనమామ కలిసి ఆర్టీసీ బస్సులో వెళ్లి రండి. రాజన్న దగ్గర పాప తలనీలాలు ఇచ్చి, కోడె మొక్కు ఉంటే తీర్చుకోండి. ఆ నెల 8,000లో ఎంతలో అవుతుందో అంతలోనే చేయండి. బంధువులందరికీ బస్సు మాట్లాడి, దావత్ పెట్టాల్సిందేనని ఇంట్లో ఎవరైనా పట్టుబడితే ఆసుపత్రి బిల్లు, యాప్ కిస్తీల మెసేజ్‌లు వాళ్ల ముందు పెట్టండి.