తక్త్‌సాంగ్ ఎక్కకపోతే భూటాన్ వెళ్ళడం దండగా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మావారికి 66, నాకు 61. భూటాన్ చూడాలని ఎప్పటి నుంచో కోరిక. కొండ అంచున ఉండే తక్త్‌సాంగ్ మఠం ఎక్కకపోతే వెళ్ళడమే దండగంటున్నారు మావాళ్ళు. నాకేమో మోకాళ్ళ నొప్పులు. పైగా శాకాహారులం. ఏం చెయ్యమంటారు?

జవాబు: నిక్షేపంలా వెళ్ళండమ్మా. నేనూ కోనసీమదాన్నే, ఏటిగట్టుకి మించిన ఎత్తు ఎరక్కుండా పెరిగినదాన్ని. తక్త్‌సాంగ్ 3,120 మీటర్ల ఎత్తులో ఉంది. గుర్రం సగం దారిలో ఉన్న హోటల్ దాకే వస్తుంది, దిగేటప్పుడు నడకే. హోటల్ దాటాక చివర్లో వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ పని పట్టేది అక్కడే. మీరు ఆ హోటల్ దగ్గరే ఆగి, టీ తాగుతూ ఎదుటి కొండకి అతుక్కున్న మఠాన్ని తీరిగ్గా చూడండి. అసలు కింద పారో లోయ నుంచి చూసినా తప్పులేదు.

నన్నడిగితే ఆ ఓపిక పునాఖాకి దాచుకోండి. భూటాన్‌ని ఒక్కటి చేసిన షబ్‌డ్రుంగ్ నవాంగ్ నమ్‌గ్యాల్ 1637-38లో కట్టించిన జోంగ్ అది. కోట, మఠం, ప్రభుత్వాఫీసు అన్నీ ఆ గోడల మధ్యే. చలికాలంలో రాజధాని థింపూలోని పెద్ద గురువులు, సన్యాసులు ఇక్కడికొచ్చి ఉంటారు. మన గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది కదా, ఇక్కడ ఫోఛూ, మోఛూ అనే రెండు ఏళ్ళు వచ్చి జోంగ్ పక్కనే కలుస్తాయి. 1994లో ఎగువన ఒక హిమనదీ సరస్సు గట్టు తెగి వరద దీని మీదికొచ్చింది. 86 గోదావరి వరద చూసినవాళ్ళకి దాని సంగతి నేను చెప్పక్కర్లేదు. లోపలికెళ్ళే చెక్కమెట్లు బాగా నిటారు, మావారి చెయ్యి వదల్లేదు నేను. మీరు చీరతో హాయిగా వెళ్ళొచ్చు, మీవారిని మాత్రం టోపీ తీసెయ్యమనండి. చుట్టూ ఎర్రబియ్యం పండించే వరి మళ్ళు. ఎత్తు 1,200 మీటర్లే కాబట్టి థింపూ అంత చలీ ఉండదు.

తిండికి టెన్షన్ వద్దు. ఏమా దత్‌షీ అని వాళ్ళ రోజువారీ కూర ఒకటుంది. నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు తెల్లటి చీజ్ పులుసులో తేలుతుంటాయి. మిరపకాయే అక్కడ కూరగాయ! మా ఇంటి ఆవకాయకి అలవాటుపడ్డ నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మీరు బంగాళదుంపలతో చేసే కేవా దత్‌షీ అడగండి.

రాజమండ్రిలో రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగితే, అక్కడి నుంచి కారులో జైగావ్. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్, భూటానే. వీసా లేదుగానీ పర్మిట్ కావాలి. ఓటరు కార్డో, పాస్‌పోర్టో ఒరిజినల్ పట్టుకెళ్ళండి, ఆధార్ చెల్లదు. మన రూపాయి, వాళ్ళ నుల్‌ట్రమ్ విలువ ఒకటే. ఇవిగాక మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ప్రభుత్వానికి కట్టాలి. ఏజెంటు చెప్పే ప్యాకేజీలో అది కలిసిందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.