పాత ట్యాంకు నూతి నీళ్లకు పనికొస్తుంది, కానీ డాబా మీద కాదు

డాబా మీంచి దింపిన పాత వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు నూతి నీళ్లకు పనికొస్తుందా, మోటారు నీళ్లు కాసేపటికే ఎర్రబడుతున్నాయి అని అడిగారు. పనికొస్తుందండి. కాకపోతే మళ్లీ పైకి ఎక్కించకండి. నూతికీ పై ట్యాంకుకీ మధ్యలో, కిందే పెట్టండి. అమలాపురం దగ్గర మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. తోడగానే తేటగా ఉండి, బకెట్లో నిలవుంటే ఎర్రబడి, పైన నూనె తేలినట్టు తెట్టు కడితే అది ఇనుము. ఎర్రబడ్డ ఆ నీళ్లలో నాలుగు జామాకులు నలిపి వేయండి, ఇనుము బాగా ఉంటే నీళ్లు నల్లబడతాయి. ఉప్పదనం మాత్రం వేరే కథ. మీది సముద్రం పక్కనుండే అంతర్వేది, ఓడలరేవు వైపైనా, చుట్టూ రొయ్యల చెరువులున్నా ముందు ల్యాబులో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపించండి. తాగే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. ఉప్పు ట్యాంకులో నిలవుంచితే పోదు, ఇసుకలో వడగట్టినా పోదు. అలాంటప్పుడు ఈ ఖర్చంతా దండగ.

ట్యాంకులో ఇదివరకు పురుగుమందో చెరువు మందులో పోసుంటే ఎంత కడిగినా వద్దు. మిట్టమధ్యాహ్నం మూత దగ్గర తల పెట్టి లోపలికి చూడండి. గోడల్లోంచి వెలుతురు తెలుస్తుంటే పాచి పడుతుంది, బయట నల్ల పట్టా చుట్టండి. అడుగున పగులుంటే అతుకులు వేయించొద్దు, మట్టి నింపి మల్లె పాదు పెట్టుకోండి.

ఇనుము విడిపోవాలంటే నీళ్లకు గాలి తగలాలి. మోటారు నుంచి వచ్చే పీవీసీ పైపు చివర మూసేసి, కింది వైపు వరసగా చిల్లులు వేసి, ట్యాంకు నోటికి అడ్డంగా పెట్టండి. నీళ్లు జల్లుగా పడతాయి. పైన దోమతెర కట్టండి. రాత్రంతా వదిలేస్తే ఎర్ర మడ్డి చాలావరకు అడుక్కి దిగుతుంది. అందుకే వాడే నీళ్ల పైపు అడుగు నుంచి ఆరంగుళాల పైన ఉండాలి, మడ్డి వదలడానికి అట్టడుగున ఇంకో వాల్వు ఉండాలి. చాలామంది ప్లంబర్లు ఈ రెండోది వద్దంటారు, వినకండి.

సన్నటి నలుసు ఇంకా మిగులుతుంది. దానికి పక్కనే ఓ డ్రమ్ములో అడుగున కంకర, పైన కడిగిన గోదావరి ఇసుక పోసి, అందులోంచి సంపులోకి, అంటే నేలలో కట్టిన తొట్టిలోకి, సంపులోంచి చిన్న మోటారుతో పైకి. నీళ్లు దిగడం మందగిస్తే ఇసుక పైపొర ఓ అంగుళం గీకి కడిగేస్తే సరి.

ట్యాంకు దిమ్మ మాత్రం గట్టిగా కట్టించండి. నిండితే టన్ను బరువు. మన నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కాబట్టి కింద ఇసుక దట్టించాలి, ట్యాంకు అడుగంతా దిమ్మకు ఆనాలి. తుఫానప్పుడు ఖాళీగా ఉంచకండి, గాలికి లేచి పైపులు విరుగుతాయి. లంకల్లో అయితే వరద నీటికి తేలిపోతుంది కూడా.

ఇదంతా ఎరుపు పోవడానికే, క్రిములకు కాదు. సంపులో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు, విడిగా బకెట్లో కలిపి పైన తేరిన నీళ్లు మాత్రమే పోయండి. గంట ఆగాక వాడండి. తాగేవి ఎలాగూ కాచుకోవాలి.