మెలికల గీత పెట్టే ముందు

తమ్ముడికి,

నీ పియానో ముక్క స్కోరు, దానితో పాటు రాసిన ఉత్తరం చదివాను. రోల్డ్ కార్డ్‌కి, అంటే నోట్స్‌ని ఒకేసారి కాకుండా ఒకదాని వెంట ఒకటి మోగించే కార్డ్‌కి, ఎడమపక్క పెట్టే మెలికల గీత నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడుంటుందని, దాన్ని రెండు స్టాఫ్‌ల (చేతికొకటిగా ఉండే ఐదు గీతల వరసల) మీదుగా ఎలా లాగాలని అడిగావు. మొదటిదానికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. మ్యూస్‌స్కోర్‌లో అయితే కార్డ్‌లోని నోట్ ఎంచుకుని, పాలెట్‌లో ఆర్పెజియో (ఆ మెలికల గీత పేరు) గుర్తు మీద క్లిక్ చెయ్యి. డొరికోలో షిఫ్ట్‌తో ‘ఓ’ నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఆర్పెజియోకి మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే చాలు. లిలీపాండ్‌లో కార్డ్ రాశాక దాని వెనకాలే ఆర్పెజియో కమాండ్ తగిలిస్తాం.

రెండో ప్రశ్న మెనూల్లో తేలేది కాదు. పద్నాలుగో బార్‌లో నువ్వు ఎడమచేతికొక గీత, కుడిచేతికొక గీత విడివిడిగా పెట్టావు. అలా రాస్తే రెండు చేతులూ ఒకేసారి మొదలుపెట్టి, దేనికది కింది నుంచి పైకి వెళ్లాలని అర్థం. అంటే నీ అడుగు బాస్ నోట్, కుడిచేతిలో అన్నిటికన్నా కింద ఉన్న నోట్ జంటగా మోగుతాయి. ఉత్తరంలో మాత్రం “అడుగు నుంచి పై వరకు ఒకే ఊపులో పోవాలి” అని రాశావు. అలా వినపడాలంటే రెండు స్టాఫ్‌లనీ కలుపుతూ ఒకటే పొడవాటి గీత ఉండాలి. అప్పుడు ఎడమచేయి తన నోట్స్ ముగించాకే కుడిచేయి అందుకుంటుంది. దీన్ని మ్యూస్‌స్కోర్‌లో గీత కింది కొస పట్టుకుని కింది స్టాఫ్ దాకా లాగి సాధించొచ్చు. డొరికోలో రెండు స్టాఫ్‌ల నోట్స్‌నీ ముందే కలిపి ఎంచుకోవాలి. లిలీపాండ్‌లో పియానో స్టాఫ్‌కి ‘కనెక్ట్ ఆర్పెజియోస్’ అనే సెట్టింగ్ ఆన్ చేసి, రెండు చేతుల కార్డ్‌లకీ కమాండ్ ఇవ్వాలి. పని అయ్యాక దాన్ని ఆఫ్ చెయ్యడం మర్చిపోతే, తర్వాత నువ్వు విడిగా ఉంచాలనుకున్న గీతలు కూడా అతుక్కుపోతాయి.

ఇక అసలు చిక్కు. ఆ గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పదు. బీట్ మీద మొదలై పైకి పోవాలా, ముందే మొదలై పై నోట్ బీట్ మీద పడాలా? ఒకే పేజీని ఇద్దరు పియానిస్టులు రెండు రకాలుగా వాయిస్తారు, ఇద్దరినీ తప్పు పట్టలేం. నీ ముక్కలో మెలడీ పై నోట్స్‌లో ఉంది కాబట్టి చాలామంది ముందే మొదలుపెట్టి, మెలడీని బీట్‌కి అందిస్తారనుకుంటున్నాను. అలాగైతే నువ్వు పెట్టిన పెడల్ గుర్తులు కొంప ముంచుతాయి. వాటిని సరిగ్గా బీట్ కింద పెట్టావు. బాస్ నోట్ అంతకు ముందే మోగింది, చేయి దాన్ని వదిలి పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు పెడల్ మారిస్తే, అంటే ఎత్తి మళ్లీ తొక్కితే, ఆ బాస్ కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. రోల్ ఎక్కడ మొదలైతే పెడల్ కూడా అక్కడే మారాలి. నీకు కచ్చితంగా ఒక పద్ధతే కావాలంటే గీత మీద ఆధారపడకు. నోట్స్‌ని బీట్ లెక్కలోకి రాని చిన్న గ్రేస్ నోట్స్‌గా ముందు రాసి, టైలతో (మోగిన నోట్‌ని నిలిపి ఉంచే వంపు గీతలతో) కార్డ్‌కి కలుపు. లయ లెక్క కూడా ముఖ్యమైతే ముప్పైరెండో వంతు నోట్స్‌గా విప్పి రాసి, ఒక్కొక్కదాన్ని టైతో నిలిపి ఉంచు. పేజీ కాస్త ఇరుకవుతుంది, కానీ సందేహం ఉండదు.

ప్లేబ్యాక్ విని ఇవేవీ తేల్చుకోకు. సాఫ్ట్‌వేర్ తనకిచ్చిన సెట్టింగ్ ప్రకారం వాయిస్తుంది. దానికి చేతివేళ్లు లేవు, అందని దూరమంటూ లేదు. పదో స్వరం దాకా చాపాల్సిన కార్డ్‌ని అది చక్కగా ఒక్క దెబ్బకి మోగిస్తుంది. చాలా చేతులకి అది అందదు. నీ మూడో పేజీలో ఎడమచేతికి అలాంటివి వరసగా ఉన్నాయి, ఒక్కదానికీ గుర్తు లేదు. వాయించేవాళ్లు ఎలాగూ విరిచే వాయిస్తారు, కాబట్టి ఎలా విరవాలో నువ్వే చెప్పు. విరవకూడదనుకుంటే కార్డ్‌ని కుదించు. అందే కార్డ్‌ని పొరపాటున కూడా రోల్ చేయకూడదనుకున్న చోట మెలికల గీతకి బదులు నిటారు బ్రాకెట్ పెట్టు.

షోపాన్ ఓపస్ 10లో పదకొండో ఎట్యూడ్ (సాధన కోసం రాసిన ముక్క) తీసి చూడు. ఆ సంపుటి 1833లో అచ్చయింది. ఆ ఎట్యూడ్‌లో దాదాపు ప్రతి కార్డ్ రెండు చేతుల్లోనూ రోల్ అవుతుంది, పాట పై గొంతులో నడుస్తుంది. వాయించకపోయినా ఆ గీతల్ని కళ్లతో చదువు.

చిన్న చిన్నవి కొన్ని. పైకి పోయే రోల్‌కి బాణం అక్కర్లేదు, మామూలు అర్థమే అది. కిందికి దిగాలంటే మాత్రం గీత అడుగున బాణం తప్పనిసరి. దాని వెంటనే మళ్లీ పైకి పోయేది వస్తే అప్పుడు పై బాణం కూడా పెట్టు. షార్ప్‌లు, ఫ్లాట్‌లు ఉంటే గీత వాటికి ఎడమపక్కన ఉండాలి. నీ ఆఖరి బార్‌లో గీత ఫ్లాట్ మీదికెక్కి కూర్చుంది, చేత్తో లాగి జరిపినందువల్ల అనుకుంటా. ఒకే స్టాఫ్‌లో రెండు వాయిస్‌లు (విడివిడిగా నడిచే స్వరాల వరసలు) ఉన్నప్పుడు గీత ఒక వాయిస్‌కే అతుక్కుందేమో చూసుకో. ఇక వరసగా ఇరవై కార్డ్‌లకి గీతలు పెట్టేకన్నా మొదటి రెండింటికి పెట్టి, పైన ‘సెంప్రె ఆర్పెజ్’ (ఎప్పుడూ రోల్ చెయ్యాలి) అని రాసెయ్యడం నయం. ఆపాల్సిన చోట ‘నాన్ ఆర్పెజ్’ అని రాయడం మాత్రం మరవకు.

సరిచేసిన స్కోరు పంపేటప్పుడు మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ ఫైల్ ఒక్కటే పంపకు. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు రెండు స్టాఫ్‌ల గీత రెండు ముక్కలైపోవచ్చు, అప్పుడు నీ ఉద్దేశమేదో నాకు తెలియదు. పీడీఎఫ్ కూడా జత చెయ్యి.

ఇట్లు,
అన్నయ్య