నవల ఏజెంటుకి పంపితే కథ కొట్టేస్తారా?

డౌట్: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. గంగమ్మ జాతర వేషాల మీద ఇంగ్లీషులో ఫాంటసీ నవల రాశా సార్. ఏజెంట్లు మొదటి మూడు చాప్టర్లు, కథ సారాంశం అడుగుతా ఉన్నారు. కాపీరైట్ రిజిస్టర్ చేయించకుండా పంపితే కథ కొట్టేయరా? ఒకాయనైతే 20 వేలు కడితేనే చదువుతానని అగ్రిమెంటు కూడా పంపించాడు. ఒక పేజీ ఫోటో తీసి పంపుతా ఉన్నా, సంతకం ఇంకా పెట్టలేదు.

జవాబు: ముందు ఆ 20 వేలు కట్టొద్దమ్మా. ఏజెంటు అన్నాక పుస్తకాన్ని పబ్లిషర్లకి అమ్మిపెట్టి, మీకొచ్చే దాంట్లో కమిషన్ తీసుకోవాల, మామూలుగా అది 15 శాతం ఉంటుంది. చదవడానికే డబ్బులు అడిగాడంటే ఆయన అమ్ముకునేది పుస్తకాల్ని కాదు, మీ ఆశని.

ఇంక కాపీరైట్ సంగతి. 1957 చట్టం ప్రకారం మీరు రాసిన రోజే హక్కు మీకొచ్చేసింది, రిజిస్ట్రేషన్ కంపల్సరీ కాదు. చేయించుకుంటే రేపు కోర్టులో ఎవరు రాశారన్న గొడవొస్తే పనికొస్తుంది, ఆన్‌లైన్లో ఫారం 14 నింపి 500 కడితే సరి, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి తర్వాత చూస్తారు. అది చేతికొచ్చేదాకా నవల పంపకుండా కూర్చోవద్దు. పాత డ్రాఫ్టుల మీద కొత్తవి సేవ్ చేసేయకుండా దేనికది తేదీతో దాచుకోండి, పంపేది మెయిల్లోనే పంపండి, నేను ముందు అడిగే సాక్ష్యం అదే.

కథ కొట్టేయడం అంటే ఏందో కూడా చూడాల. ఒక నాటకాన్ని సినిమాగా తీసేశారని వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చిందేమంటే ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని ఎట్లా రాశారో దానికే ఉంటుంది. పాలెగాణ్ణి పట్టుకోను గంగమ్మ రోజుకో వేషం కట్టిన కథ మనూరి అందరిదీ, రేపు ఇంకొకరు రాసినా ఆపలేం. మీ నవల్లో మాతంగి వేషం మాట్లాడే మాటలు, మీరు అల్లిన సీన్లు, ఆ లోకం, అవి మాత్రం మీవే. అందుకే సారాంశంలో క్లైమాక్స్ దాచొద్దు, ముగింపు తెలీకుండా ఏ ఎడిటరూ ఒక మాట చెప్పలేడు.

నన్నడిగితే భయపడాల్సింది దొంగతనానికి కాదు, ఆ అగ్రిమెంటుకి. మీరు ఫోటో తీసి పంపిన పేజీలో 'అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా' హక్కులు ఏజెంటుకి బదిలీ అని ఉంది. ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరుకి ఎవరైనా ఇల్లే రిజిస్టర్ చేసిస్తారా? కాపీరైట్ చట్టంలో సెక్షన్ 19 ఉంది, హక్కులు ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళే, ఎక్కడికో రాయకపోతే ఇండియాకే అని రచయితని కాస్త కాపాడుతుంది, కానీ ఈయన తెలివిగా శాశ్వతం, ప్రపంచం రెండూ రాసేశాడు కాబట్టి అది మీకు అక్కరకు రాదు. ఏజెంటుకి మీ తరఫున మాట్లాడే అధికారం ఇస్తే చాలు, అదీ ఒక గడువు పెట్టి, నచ్చకపోతే నోటీసిచ్చి బయటకొచ్చేట్టు. సినిమా, ఆడియో, తెలుగు అనువాదం హక్కులు దేనికది విడిగా మాట్లాడుకోండి.

సంతకం పెట్టలేదన్నారు కదా, ఆ కాగితం అట్లే పక్కన పడేసి, మూడు చాప్టర్లు ఈ వారమే మిగతావాళ్ళకి పంపేయండి.